వకీలమ్మ ఆఫీసులో వేసవి విద్యార్థిని

కళ్ళద్దాల షాపు పక్కనున్న మెట్లెక్కితే వకీలమ్మ ఆఫీసు. రెండు గదులు. ముందు గదిలో క్లయింట్లు కూర్చునే పొడుగాటి బల్ల, దానికెదురుగా ఆమె ఆడపడుచు టేబులు. లోపలి గదిలో వకీలమ్మ. మధ్యలో తలుపుంది గాని పాత ఫైళ్ళ కట్టలు అడ్డం పేర్చడం వల్ల అది మూసుకోదు. ఆడపడుచు బయట ఎవరిని కసిరినా లోపలికి వినబడుతుంది. గుమాస్తా పనంతా ఆడపడుచే చూస్తుంది. ఏ కేసు ఎప్పుడు వాయిదా పడిందో, ఎవరు ఏ అబద్ధం చెప్పి ఎగ్గొట్టారో ఆవిడకు నోటికి వచ్చు.

వకీలమ్మవి పెద్ద కేసులు కావు. అద్దె తగాదాలు, యజమానులు ఆపేసిన జీతాలు, గోడ అటు జరిపారని ఇటు జరిపారని పక్కింటివాళ్ళ పేచీలు. పెళ్ళయిన కొత్తలో ఒక ముసలి ప్లీడరు దగ్గర జూనియరుగా చేరింది. ఆయన నేర్పినవాటిలో సగం మరిచిపోయింది గాని ఒకటి మాత్రం అలాగే పట్టుకుంది. కేసు లోతుపాతులు క్లయింటుకు చెబితే అతనికి నిద్ర పట్టదు, నిద్ర పట్టని మనిషి బోనులో తడబడతాడు అని ఆయన అనేవాడు. అందుకని ఆమె ఎవరికీ ఏమీ విడమరిచి చెప్పదు. "మీరింటికెళ్ళండి, నేనున్నాగా" అంటుంది. చాలామందికి ఆ మాట చాలు. ధైర్యంగా మెట్లు దిగి వెళ్ళిపోతారు.

ఆమె భర్త డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. "నా సంగతీ అంతే. ఇంట్లో ఏం జరుగుతోందని అడిగితే, వెళ్ళి పడుకోండి నేనున్నాగా అంటుంది" అని నవ్వేవాడు.

ఒక ఏడాది విదేశంలోని ఒక లా కాలేజీ నుంచి ఒక టీచరు కోర్టు చూడడానికి వచ్చింది. వెనక బెంచీలో కూర్చుని రోజంతా వాదనలు విని, సాయంత్రం వకీలమ్మను కారిడారులో ఆపింది. తమ విద్యార్థులను వేసవి సెలవుల్లో ఇతర దేశాల వకీళ్ళ దగ్గరికి పని నేర్చుకోవడానికి పంపుతామని, జీతం అక్కర్లేదని చెప్పింది. పని చూపించాలి, వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడాలి, చివర్లో ఎలా చేశారో రాసి పంపాలి. దాన్నిబట్టి కాలేజీవాళ్ళు మార్కులు వేస్తారు. ఇంట్లో ఇక్కడి భాష మాట్లాడే పిల్లలనే ఎంపిక చేస్తారు. గట్టి షరతు ఒక్కటే. వకీలు పక్కన లేకుండా విద్యార్థి ఏ క్లయింటుకూ సలహా చెప్పకూడదు.

"పెద్ద ఆఫీసులున్నాయి కదా, నా దగ్గరికెందుకు?" అంది వకీలమ్మ.

"అక్కడ మా పిల్లలకి ఏసీ గదులు కనపడతాయి. మనుషులు కనపడరు" అంది ఆ టీచరు.

మొదటి వేసవిలో వచ్చిన కుర్రాడు నల్లకోటు కుట్టించుకుని మరీ వచ్చాడు. కోర్టులో దాన్ని వేసుకునే హక్కు తనకు లేదని తెలిశాక సెలవులు అయ్యేదాకా ముఖం ముడుచుకునే ఉన్నాడు. రెండో వేసవిలో వచ్చిన అమ్మాయి ఎవరూ చెప్పకుండానే ఫైళ్ళన్నీ అక్షర క్రమంలో సర్దింది. ఆ పిల్ల విమానమెక్కిన మర్నాటి నుంచి వాటిని తనకు దొరికే క్రమంలో పెట్టుకోవడానికి ఆడపడుచుకు చలికాలం దాకా పట్టింది.

మూడో వేసవిలో వచ్చిన అమ్మాయికి వచ్చిన రోజే ఆడపడుచు "సందేహం" అని పేరు పెట్టేసింది. ఆమె బస ఆడపడుచు ఇంట్లోనే, వీధివైపు గదిలో. తల్లి దగ్గర నేర్చుకున్న తెలుగు కాబట్టి తప్పుల్లేకుండా, కాస్త పుస్తకంలోలా మాట్లాడేది. అందరినీ మీరు అనేది. ఏదో ఒక రోజు వీధి కుక్కని కూడా మీరు అంటుందని ఆడపడుచు ఎదురుచూసింది.

"పిన్నిగారూ, ఈ దరఖాస్తు పోయిన నెలే వేయవలసింది కదా?"

"అవును."

"మరి ఎందుకు వేయలేదు?"

"మీ మేడమ్‌ని అడుగు. నన్నడిగితే ఇవాళ అన్నం ఉండదు."

శనివారాలు క్లయింట్లు వెళ్ళిపోయాక వకీలమ్మ ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకునేది. కాలేజీ పెట్టిన నియమమని మొదలుపెట్టింది గాని తర్వాత ఆమెకే అది ఇష్టమైన పనైంది. ఇంట్లోగాని కోర్టులో వకీళ్ళు కూర్చునే బారు రూములోగాని తను మాట్లాడిన మాటకు కారణం అడిగేవాళ్ళు లేరు. ఈ పిల్ల ప్రతిదానికీ అడుగుతుంది. ఒక శనివారం టైలరమ్మ కేసు గురించి మాట్లాడుకున్నారు.

టైలరమ్మది పెద్ద వీధిలో, మూడంతస్తుల మేడ కింద చిన్న షాపు. భర్త ఉన్నప్పటినుంచీ ఆ గదిలోనే ప్యాంట్లు, చొక్కాలు, స్కూలు యూనిఫారాలు కుడుతోంది. రెండు మిషన్లు. మేడ చేతులు మారింది. కొత్త ఓనరు ఆ వరుస గదులన్నీ కలిపి ఒకే పెద్ద షోరూముకు ఇవ్వాలనుకున్నాడు. మిగతావాళ్ళు ఖాళీ చేశారు, ఈవిడ చెయ్యలేదు. అక్కడ వ్యాపారమే జరగడం లేదు, గది వాడకుండా తాళం వేసి ఉంచుకుంటోంది, ఖాళీ చేయించండి అని అతను కేసు వేశాడు. అబద్ధమే గాని పూర్తి అబద్ధం కాదు. కిందటేడు టైలరమ్మ ఆపరేషను చేయించుకుని కొన్ని నెలలపాటు షాపు తెరవలేదు. నిజం తేల్చడానికి కోర్టు ఒక కుర్ర వకీలును కమిషనరుగా వేసింది. అతను గదికి వచ్చి, కళ్ళతో చూసి, చూసింది రాసి జడ్జికి ఇవ్వాలి.

"మనం గెలుస్తామా?" అంది విద్యార్థిని.

"ఓడిపోయే అవకాశమే ఎక్కువ" అంది వకీలమ్మ. "ఆస్పత్రి కాగితాలు సరిగ్గా లేవు. కమిషనరు వచ్చినప్పుడు మిషన్లు తిరుగుతూ కనపడితే కాస్త ఆశ."

"ఆ సంగతి ఆమెకు తెలుసా?"

"తెలిసి ఏం చేస్తుంది? భయపడుతుంది."

విద్యార్థిని ఇంకేదో అడగబోయింది. ఆడపడుచు వచ్చి తాళాలు గలగలలాడించింది. "మీరిద్దరూ ఇక్కడే కాపురం పెడతారా, నేను పోనా?" అంది.

కమిషనరు వచ్చే రోజు పొద్దున టైలరమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ముఖం తేటగా ఉంది. ఈ మధ్య ఆమెను అలా ఎవరూ చూడలేదు.

"మిషన్లు తీసేశానమ్మా" అంది బల్ల మీద కూర్చుంటూనే. "నిన్న సాయంత్రం మా తమ్ముడు బండి తెచ్చాడు. రెండూ వాళ్ళింట్లో పెట్టించాను. ఇంక వాళ్ళు తాళం వేసుకున్నా నాకు బెంగ లేదు."

వకీలమ్మ లోపలి గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏం తీసేశారూ?"

"మిషన్లు. గుడ్డలు కూడా. పక్క వీధిలో గడియారాలాయనకి ఏమైందో చూశారుగా. కేసు పోగానే తాళం వేసేశారు, సామానంతా లోపలే ఉండిపోయింది. ఇప్పటికీ తిరుగుతున్నాడు. నాకా గతి పట్టకూడదని ముందే సర్దుకున్నాను."

"కేసు పోయిందని ఎవరన్నారు?"

టైలరమ్మ విద్యార్థిని వైపు చూసింది. ఆ అమ్మాయి చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"పాప తప్పేం లేదమ్మా. మొన్న మెట్ల దగ్గర నేనే ఆపి అడిగాను. ఒట్టు పెట్టి మరీ అడిగాను. ఓడిపోయే అవకాశం ఎక్కువ అంది."

"ఆమె కేసు కదా మేడమ్" అంది విద్యార్థిని. "ఆమె అడిగితే చెప్పకుండా ఉండడం సరి కాదనిపించింది. గది ఖాళీ చేస్తారని అనుకోలేదు."

"నా దగ్గరికి రాకుండా ఆ పిల్లని అడగడమేంటండీ?" అంది వకీలమ్మ టైలరమ్మతో.

"మిమ్మల్ని ఎన్నిసార్లు అడిగానమ్మా! అడిగినప్పుడల్లా ఇంటికెళ్ళమంటారు."

ఆడపడుచు నవ్వు ఆపుకోవడానికి దస్త్రం ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఆవిడే ముందు తేరుకుంది. "ఇప్పుడేం మించిపోలేదు వదినా. కమిషనరు మధ్యాహ్నం గాని రాడు. తమ్ముణ్ణి బండి తెమ్మంటే గంటలో మిషన్లు మళ్ళీ షాపులో ఉంటాయి. ఆవిడ కూర్చుని కుడుతూ ఉంటుంది."

"అలా చేస్తే కోర్టును మోసం చేసినట్టు కాదా?" అంది విద్యార్థిని.

"ఏం మోసం? మిషన్లు ఆవిడవి, షాపు ఆవిడది, కుట్టేది ఆవిడ. నీ సందేహాలు సందేహాలుగా ఉండనీ తల్లీ. ఒక షాపు కొంప ముంచావు, చాలు."

ఆ మాటకు అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని ఏడవలేదు.

వకీలమ్మ కుర్చీ లాక్కుని బల్ల దగ్గరే కూర్చుంది. "మిషన్లు తీసేటప్పుడు ఎవరైనా చూశారా?" అని టైలరమ్మను అడిగింది.

"వాచ్‌మను చూశాడు. పాపం, ఒక చెయ్యి కూడా వేశాడు."

"ఓనరు వాచ్‌మనేనా?"

"అవునమ్మా."

"అయితే ఈపాటికి వాళ్ళ వకీలుకి తెలిసే ఉంటుంది" అంది వకీలమ్మ. "ఇప్పుడు మళ్ళీ తెచ్చి పెడితే నిజంగా ఉన్న షాపు కూడా నాటకమైపోతుంది. వద్దు. ఎలా ఉందో అలాగే చూపిద్దాం. ఎందుకు తీశారో మీరే చెప్పండి."

"నేనా?" అంది టైలరమ్మ. "నన్ను నోరెత్తొద్దన్నారుగా ఎప్పుడూ."

"ఇవాళ ఎత్తండి."

మధ్యాహ్నం పెద్ద వీధిలో ఎండ నేరుగా షాపుల్లోకి పడుతోంది. షట్టరు ఎత్తేసరికి గది మరీ చిన్నదిగా కనపడింది. మిషన్లున్న చోట నేల మీద కాళ్ళ గుంటలు నాలుగేసి, వాటి చుట్టూ నూనె మరక. మూలల్లో దారం ముక్కలు. గోడకు సుద్దతో రాసిన కొలతలు, కొన్ని చెరిగినవి, కొన్ని కొత్తవి. కమిషనరు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ గది నాలుగు మూలలూ చూశాడు. ఓనరు తరఫు వకీలు గుమ్మంలో నిలబడ్డాడు. లావుపాటి మనిషి, మంచి మాటకారి. వకీలమ్మా అతనూ ఒకే ఏడాది కోర్టులో వకీళ్ళుగా పేరు రాయించుకున్నవాళ్ళు.

"చూశారుగా" అన్నాడతను కమిషనరుతో. "గది ఖాళీ. మేం మొదట్నుంచీ చెబుతున్నది అదే. రాసుకోండి, పోదాం. ఎండ మండిపోతోంది."

"మా క్లయింటు చెప్పేది కూడా రాసుకోండి" అంది వకీలమ్మ.

టైలరమ్మ కొంగు సవరించుకుంది. "మిషన్లు నిన్న సాయంత్రందాకా ఇక్కడే ఉన్నాయండీ. నేనే తీయించాను. ఓడిపోతామని చెప్పారు, భయపడి తీశాను."

"ఎవరు చెప్పారు?" అన్నాడు కమిషనరు.

వకీలమ్మ నోరు తెరిచేలోపే విద్యార్థిని ముందుకొచ్చింది. "నేను చెప్పాను."

ఓనరు వకీలు పొట్ట కదిలేలా నవ్వాడు. "మీ ఆఫీసే ఓడిపోతామని చెప్పిందా? భలే! ఇంక నాకిక్కడ పనేముంది మేడమ్, నా ఫీజు కూడా మీరే తీసుకోండి."

"మీ ఫీజు సరిపోదు లెండి మాకు" అంది వకీలమ్మ. ముఖం మాత్రం ఎర్రబడింది.

కమిషనరు రాస్తున్నాడు. అంతలో ఒక సన్నటి మనిషి సైకిలు గోడకు ఆనించి లోపలికొచ్చాడు. ఖాళీ గదిని, నల్లకోట్లను ఒకసారి చూసి, నేరుగా టైలరమ్మ మీదకు వెళ్ళాడు.

"నా ప్యాంటేదండీ? ఇవాళ ఇస్తానన్నారు. రేపు పొద్దున్నే ఉద్యోగానికి ఇంటర్వ్యూ."

"మా తమ్ముడింట్లో ఉంది బాబూ, కాస్త అంచు కుట్టాలి."

"తమ్ముడింట్లోనా? నా ప్యాంటుకి ఆయనింట్లో ఏం పని?"

కమిషనరు పెన్ను ఎత్తాడు. "ఒక్క నిమిషం. మీరు ఇక్కడ బట్టలు కుట్టించుకుంటారా?"

"ఎక్కడ కుట్టించుకోవడం సార్! చాలా ఏళ్ళుగా ఇస్తున్నాను. చెప్పిన రోజుకి ఇచ్చింది ఒక్కసారీ లేదు."

"ఈ మధ్య కూడా ఇచ్చారా?"

"మొన్న సోమవారమేగా ఈ ప్యాంటు ఇచ్చింది! అదిగో, గోడ మీద నా కొలత. పొడుగు ఎక్కువైందని కూడా చెప్పాను, వింటేగా!" కొంచెం ఆగి, "మధ్యలో ఒంట్లో బాగాలేదని కొన్నాళ్ళు మూసేసింది లెండి. ఆ కొన్నాళ్ళు మాత్రం హాయిగా వేరే షాపుకి పోయాను. అక్కడ చెప్పిన రోజుకే ఇచ్చారు. కానీ కుట్టు బాగాలేదు."

కమిషనరు అదంతా రాసుకున్నాడు. మూసేసిన సంగతీ, తెరిచిన సంగతీ, గోడ మీది కొలతలూ. రాసింది చదివి వినిపించి ఇద్దరు వకీళ్ళ చేతా సంతకాలు తీసుకున్నాడు.

అతను వెళ్ళాక ఓనరు వకీలు వకీలమ్మను పక్కకు పిలిచాడు. నవ్వు పోయింది, బేరంలోకి దిగాడు.

"ఈ రిపోర్టు మీకూ మంచిది కాదు, మాకూ మంచిది కాదు. ఇదే మేడకి వెనక, సందు వైపు ఒక గదుంది. అద్దె ఇదే. ఇంకెప్పుడూ ఖాళీ చెయ్యమనబోమని రాసిస్తాం. ముందు గది వదిలెయ్యమనండి. ఏమంటారు?"

ఇన్నేళ్ళూ ఇలాంటి మాటకు ఆమె అక్కడికక్కడే జవాబిచ్చేది. వద్దు అనే మాట నాలుక మీదకు వచ్చేసింది. ఈ రిపోర్టుతో తను గెలవగలదు. ఆ సంగతి అతనికీ తెలుసు, అందుకే దిగొచ్చాడు.

"అడిగి చెబుతాను" అంది.

"ఎవర్ని అడుగుతారు?" అన్నాడతను, నిజంగానే అర్థం కాక.

ఆఫీసుకు వచ్చాక టైలరమ్మను బల్ల మీద కాకుండా లోపలి గదిలో తన ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టింది. విద్యార్థినిని కూడా రమ్మంది. మొదటినుంచీ మొత్తం చెప్పింది. కేసులో ఏది బలం, ఏది బలహీనం, పొద్దున ఎలా ఉంది, ఇప్పుడెలా మారింది. చెప్పడం అలవాటు లేక మాటిమాటికీ ఆగింది. ఆగినచోటల్లా విద్యార్థిని వైపు చూసింది. ఆ అమ్మాయి మాత్రం ఈసారి ఒక్క ముక్క కూడా అందించలేదు.

"ఇప్పుడు గెలిచే అవకాశమే ఎక్కువ" అంది చివర్న. "కానీ వాళ్ళు పై కోర్టుకి వెళతారు. అక్కడ కొన్నేళ్ళు పడుతుంది. వెనక గది తీసుకుంటే ఇవాళ్టితో అయిపోతుంది, కానీ పెద్ద వీధి పోతుంది. నన్నడిగితే పోరాడదామంటాను."

"వెనక గదికి కిటికీ ఎటు ఉంది?" అంది టైలరమ్మ.

వకీలమ్మకు తెలియదు.

"నేను చూసొస్తాను" అని లేచింది టైలరమ్మ. సాయంత్రం వచ్చి, ఆ గదే తీసుకుంటానంది.

"గెలుస్తామండీ. నేను చెబుతున్నాగా."

"మీరు గెలుస్తారమ్మా, నాకు తెలుసు. గెలిచేదాకా కోర్టు మెట్లెక్కాల్సింది నేను. ఒళ్ళు సహకరించడం లేదు. కిటికీ దగ్గర వెలుతురు బాగుంది, మిషను అక్కడ వేసుకోవచ్చు. తెలిసినవాళ్ళు వెతుక్కుని వస్తారు. తెలియనివాళ్ళు రారు. అంతే కదా నష్టం?"

అది చిన్న నష్టం కాదని వకీలమ్మకు తెలుసు. టైలరమ్మకూ తెలుసు. వకీలమ్మ ఇంకా రెండు మాటలు వాదించి, ఇక వాదించడానికి ఇది తన కేసు కాదని ఊరుకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఓడిపోయావా?" అన్నాడు భర్త.

"లేదు. గెలిచేదాన్ని" అంది.

మర్నాడు రాజీ కాగితం విద్యార్థినితోనే రాయించింది. కాలేజీకి పంపే నివేదిక మాత్రం తనే రాసింది. విద్యార్థిని తను లేనప్పుడు క్లయింటుకు సలహా చెప్పిందని రాసింది. క్లయింటు అప్పటికే తనను చాలాసార్లు అడిగి జవాబు రాక ఆ అమ్మాయిని అడిగిందని కూడా రాసింది. ఆడపడుచు భుజం మీంచి చదివి, "మనల్ని మనమే కోర్టుకీడ్చుకుంటున్నామా వదినా? వచ్చే ఏడాది ఎవర్నీ పంపరు చూడు" అంది.

"పంపకపోతే నీకే మంచిది. ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి."

"అలా అని కాదు" అంది ఆడపడుచు. "ఆ సందేహం గది ఖాళీ అయితే నాకు తోచదు."

కాలేజీ జవాబు వెంటనే వచ్చింది. మార్కుల్లో కోత పెడతామని, ఫెయిల్ మాత్రం చెయ్యబోమని రాశారు. విద్యార్థిని దాన్ని రెండుసార్లు చదువుకుని, "సరిగానే ఉంది" అంది.

రాజీ రోజున కోర్టు హాలు కిటకిటలాడుతోంది. జడ్జి కాగితం తిరగేసి, కళ్ళజోడు పైనుంచి చూశారు. "మీ ఇష్టంతోనే ఒప్పుకున్నారా? ఎవరి బలవంతమూ లేదు కదా?"

అలవాటుగా జవాబు చెప్పబోయి వకీలమ్మ ఆగింది. తల తిప్పి టైలరమ్మ వైపు చూసింది.

"నా ఇష్టమేనండీ" అంది టైలరమ్మ. "కాని ఒక మాట అందులో రాయలేదు."

ఓనరు వకీలు, వకీలమ్మ ఒకేసారి ఆమె వైపు తిరిగారు.

"ముందు వీధిలో, మెట్ల పక్క గోడకి నా షాపు బోర్డు ఉండాలి. వెనక్కి దారి అని బాణం గుర్తు వేసి. అది తియ్యకూడదు."

"అయ్యా, అక్కడ షోరూము వస్తోంది, అద్దాల ముందు బోర్డేమిటి..." అన్నాడు ఓనరు వకీలు.

"అద్దం మీద కాదు, గోడకి" అంది టైలరమ్మ. "కొలుచుకునే వచ్చాను. ఒక చొక్కా వెడల్పు చాలు."

"ఆ సంగతి నాకు ముందే చెప్పాల్సింది" అంది వకీలమ్మ ఆమెకు మాత్రమే వినబడేలా.

"పొద్దున్నేనమ్మా తట్టింది."

జడ్జి ఓనరు వకీలు వైపు చూశారు. అతను వెనక్కి వంగి ఓనరుతో గుసగుసలాడాడు. ఓనరు విసుగ్గా చెయ్యి ఊపాడు.

"రాయండి" అన్నారు జడ్జి.

విద్యార్థిని కాగితం అందుకుంది. రాజీ షరతుల కింద మిగిలిన ఖాళీలో బోర్డు సంగతి, గోడ సంగతి, బాణం సంగతి రాసింది. ఎంత వెడల్పో అడిగి అది కూడా రాసింది. టైలరమ్మ దాన్ని తనకు చదివి వినిపించమంది. ఆ అమ్మాయి కోర్టు హాల్లోనే నిలబడి చదివింది. వెనకనుంచి ఎవరో త్వరగా కానివ్వమన్నారు.

"ఇంకోసారి చదువు పాపా" అంది టైలరమ్మ.

రెండోసారి విన్నాక సంతకం పెట్టింది.